64 పేజీల రిపోర్టులో నా పని ఎక్కడుంది? ప్రాసెస్ మోడల్ నుంచి పనికొచ్చే డాక్యుమెంట్ తీసిన ఒక కేస్ స్టడీ

బీమా క్లెయిములు చూసే ఒక సంస్థలో 38 ప్రాసెస్‌లు మోడల్ చేసే పని మా టీమ్‌కి వచ్చింది. బీపీఎమ్‌ఎన్ 2.0 (ప్రాసెస్‌లను గుర్తులతో బొమ్మగా గీసే ప్రామాణిక పద్ధతి) లో గీశాం, ప్రతి డయాగ్రామ్‌నీ ఆ పని రోజూ చేసేవాళ్ళ పక్కన కూర్చుని సరిచూసుకున్నాం, అంతవరకు బాగానే సాగింది. చివర్లో డాక్యుమెంట్లు అడిగారు. టూల్‌లో రిపోర్ట్ బటన్ ఉంది కదా అని అది నొక్కాం, వచ్చిన వర్డ్ ఫైళ్ళకు అట్ట పేజీలు పెట్టి ఇచ్చేశాం. క్లెయిమ్ రిజిస్ట్రేషన్ ఒక్కదానికే 64 పేజీలు వచ్చాయి.

వారం తర్వాత రిజిస్ట్రేషన్ డెస్క్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ ఆ ప్రింట్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "ఇందులో నేను చేసే పని ఎక్కడుందండీ?" అని అడిగారు. నేనే గీసిన మోడల్, నేనే ఇచ్చిన రిపోర్ట్, అయినా వెతకడానికి నాకు పావుగంట పట్టింది. ఆవిడ చేసే ఏడు పనులు ఐదు వేర్వేరు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. మోడల్‌లో తప్పు లేదు, పేజీల్లో ఉన్నదంతా నిజమే, కానీ ఆవిడకు అది దేనికీ పనికిరాదు. ఆ డాక్యుమెంట్లను మళ్ళీ మొదటినుంచి ఎలా తయారుచేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మోడలింగ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ రిపోర్టుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆ బటన్‌తోనే ఆగిపోతున్నారు.

ముందు ఆ 64 పేజీలు ఎలా వచ్చాయో చూద్దాం. రెడీమేడ్ రిపోర్టుకు మోడల్ అంటే ఒక వస్తువుల పట్టిక, అంతే. మొదట ఈవెంట్లు (మొదలు, ముగింపు లాంటి ఘటనలు), తర్వాత గేట్‌వేలు (దారులు చీలే, కలిసే చోట్లు), ఆ తర్వాత టాస్కులు (చేసే పనులు), ఇలా రకాలవారీగా తీసుకుని ఒక్కో రకాన్ని అక్షర క్రమంలో పేర్చింది. మేం పేర్లు తెలుగులో పెట్టాం కాబట్టి 'క్లెయిమ్ తిరస్కరణ లేఖ పంపడం' ముందు వచ్చింది, 'దరఖాస్తు నమోదు' తర్వాత వచ్చింది, 'పాలసీ వివరాలు సరిచూడడం' ఇంకా తర్వాత వచ్చింది. అంటే చదివేవాళ్ళకు దరఖాస్తు తీసుకోకముందే తిరస్కరించే పద్ధతి కనిపిస్తుంది! దానికితోడు ఒక్కో టాస్కుకు 14 లక్షణాలు వరసగా అచ్చయ్యాయి, వాటిలో మేం నింపినవి మూడో నాలుగో, మిగతావన్నీ 'ఇన్‌పుట్:', 'ఖర్చు:', 'వ్యవధి:' అని పక్కన ఏమీ లేకుండా ఖాళీగా ఉన్నాయి. సగం పేజీలు అవే తినేశాయి.

టూల్‌లోకి మళ్ళీ వెళ్ళేముందు నేను చేసిన పని ఒకటుంది, ఈ మొత్తం కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే. క్లెయిమ్ రిజిస్ట్రేషన్ డాక్యుమెంటును రిపోర్ట్ జోలికి పోకుండా వర్డ్‌లో చేత్తో రాశాను. రెండున్నర పేజీలు వచ్చింది. అది ఆవిడకిచ్చి చదవమన్నాను, ఆవిడ పెన్నుతో దిద్దారు, మళ్ళీ రాశాను. మూడోసారికి "ఇది చాలండి, కొత్తగా చేరినవాళ్ళకు ఇదే ఇస్తాను" అన్నారు. అప్పుడు ఆ రెండున్నర పేజీల్లో ఉన్న ప్రతి మాటా మోడల్‌లో ఏ చోటు నుంచి వస్తుందో పక్కన రాసుకుంటూ వెళ్ళాను. ఈ పేరు టాస్క్ పేరు, ఈ వాక్యం టాస్క్ వివరణలోది, ఈ 'ఎవరు' అన్నది లేన్ (డయాగ్రామ్‌లో ఒక్కో పాత్రకు కేటాయించిన పట్టీ) నుంచి, ఈ షరతు గేట్‌వే నుంచి బయటికెళ్ళే బాణం మీది పేరు. కొన్నిటికి మోడల్‌లో అసలు చోటే లేదు, ఉదాహరణకు ఏ ఫారం వాడాలి, ఎంతసేపట్లో పూర్తిచేయాలి అన్నవి. వాటికి కొత్త లక్షణాలు కలిపాం. మీరు టెంప్లేట్ (రిపోర్ట్ నమూనా) ఎడిటర్ తెరిచి ఫాంట్లూ రంగులూ మార్చడంతో మొదలుపెడితే ఈ విషయాలు ఎప్పటికీ బయటపడవు.

ఇదే పని ఇంకో ఇద్దరు పాఠకులకూ చేశాం. ఆడిటర్‌కు అడుగుల వివరణ పెద్దగా అక్కర్లేదు, ఎవరు ఆమోదిస్తారు, ఎక్కడ తనిఖీ ఉంది, ఈ డాక్యుమెంట్ ఏ వెర్షన్, ఎప్పుడు ఎవరు ఆమోదించారు అన్నవి కావాలి. ఐటీ వాళ్ళకు ఏ అప్లికేషన్ ఏ ప్రాసెస్‌లో ఏ అడుగు దగ్గర వాడుతున్నారో ఒక పట్టిక కావాలి, అది వర్డ్‌లో కాదు, ఎక్సెల్‌లో. మోడల్ ఒకటే, రిపోర్టులు మూడు. మొదట్లో మా మేనేజర్ గారు అన్నీ కలిపి ఒకే డాక్యుమెంట్ ఇస్తే నిర్వహణ తేలిక కదా అన్నారు. నిర్వహించాల్సింది మోడల్‌ని, రిపోర్టును కాదు, అది కావాలన్నప్పుడు మళ్ళీ పుడుతుంది అని చెప్పి ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టాయి.

ఇక్కడ టూళ్ళ గురించి రెండు మాటలు. అనుకూలీకరణ ఎంతవరకు కుదురుతుందన్నది టూల్‌ని బట్టి చాలా మారుతుంది. బిజాగి మోడలర్ లాంటిది వర్డ్, పీడీఎఫ్, ఎక్సెల్, వెబ్ పేజీలుగా నేరుగా ఇస్తుంది. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో సొంత టెంప్లేట్లు కట్టుకోవచ్చు, వాటిలోకి చిన్న చిన్న టెంప్లేట్ ముక్కల్ని కలుపుకోవచ్చు. ఆరిస్‌లో రిపోర్టులను జావాస్క్రిప్ట్‌లో రాస్తారు, కాబట్టి చేయగలిగేది చాలా ఉంది, నేర్చుకోవాల్సిందీ అంతే ఉంది. ఏదీ కుదరకపోతే బీపీఎమ్‌ఎన్ ఫైల్ ఎలాగూ ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగులతో రాసిన మామూలు టెక్స్ట్) కాబట్టి బయటినుంచి చదువుకుని మనకు కావాల్సింది తయారుచేసుకోవచ్చు. మేం వాడిన టూల్‌లో టెంప్లేటూ ఉంది, స్క్రిప్ట్ రాసుకునే వీలూ ఉంది. టెంప్లేట్‌తో అయ్యేదాన్ని టెంప్లేట్‌తోనే చేయాలని, స్క్రిప్ట్ తప్పనిసరి అయినచోటే రాయాలని ముందే నియమం పెట్టుకున్నాం, ఎందుకంటే మేం వెళ్ళిపోయాక దాన్ని చూసుకోవాల్సింది ప్రోగ్రామింగ్ రాని అనలిస్టులు.

స్క్రిప్ట్ తప్పనిసరి అయినచోటు అడుగుల క్రమం. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చూడ్డానికి చిన్నదిగా ఉంటుంది గానీ మాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. డయాగ్రామ్‌లో బొమ్మ రెండు వైపులా పరుచుకుని ఉంటుంది, కాగితం మీద వాక్యాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, కొమ్మలున్నదాన్ని వరసలో పెట్టాలి. మొదటి ప్రయత్నంలో స్టార్ట్ ఈవెంట్ నుంచి మొదలుపెట్టి బాణం వెంట వెళ్ళి, చీలిక వస్తే ఒక దారిని చివరిదాకా పట్టుకుపోయి, వెనక్కొచ్చి రెండోది అందుకున్నాం. ఫలితం ఏమైందంటే, ఏ బాణాన్ని ముందు గీస్తే ఆ దారి ముందు వస్తుంది, తిరస్కరణ బాణం ముందు గీసినచోట తిరస్కరణ కథంతా అయ్యాక గానీ అసలు కథ మొదలవ్వలేదు. రెండో ప్రయత్నంలో అన్ని కొమ్మల్లోనూ ఒక్కో అడుగు చొప్పున ముందుకెళ్ళాం. అది ఇంకా ఘోరం, ఇటొక వాక్యం అటొక వాక్యం, చదివేవాళ్ళకు తల తిరిగిపోతుంది.

చివరికి నిలబడింది ఇది. ఎక్స్‌క్లూజివ్ గేట్‌వే దగ్గర, అంటే ఉన్న దారుల్లో ఒక్కటే ఎంచుకునే చోట, ముఖ్య దారిని ముందు రాస్తాం. పక్క దారుల్ని 'పత్రాలు సరిపోకపోతే' లాంటి చిన్న శీర్షిక కింద కాస్త లోపలికి జరిపి రాస్తాం, ఆ దారి మళ్ళీ ముఖ్య దారిలో కలిసేచోట ఆపి 'ఇక్కడి నుంచి 9వ అడుగుకు వెళ్ళాలి' అని చెప్తాం. ప్యారలల్ గేట్‌వే అయితే రెండు కొమ్మల్నీ రాసి, ఇవి ఒకేసారి జరుగుతాయని, రెండూ పూర్తయ్యాకే 12వ అడుగు మొదలవుతుందని స్పష్టంగా రాస్తాం. వెనక్కి తిరిగే బాణం ఉంటే, అప్పటికే చూసిన అడుగు ఎదురైందని గుర్తించి 'తిరిగి 4వ అడుగుకు' అని ఆపేస్తాం, లేకపోతే స్క్రిప్ట్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. 9వ అడుగుకు వెళ్ళాలి అని రాయాలంటే అది తొమ్మిదోది అని ముందే తెలియాలి. కాబట్టి మోడల్‌ని రెండుసార్లు చదవాలి, మొదటిసారి నంబర్లు వేయడానికి, రెండోసారి వాక్యాలు రాయడానికి.

ముఖ్య దారి ఏదో స్క్రిప్ట్‌కి ఎలా తెలుస్తుంది? బీపీఎమ్‌ఎన్‌లో డిఫాల్ట్ ఫ్లో అని ఒకటుంది కదా, మొదలు దగ్గర చిన్న అడ్డగీత ఉండే బాణం, అదే వాడేద్దామని మా టీమ్‌లో ఒకరన్నారు. నేనూ ఒప్పుకున్నాను, అది తప్పు. డిఫాల్ట్ ఫ్లో అంటే మిగతా షరతులేవీ నిజం కాకపోతే వెళ్ళే దారి, ఎక్కువసార్లు వెళ్ళే దారి అని దానికి అర్థం లేదు. చాలా గేట్‌వేల దగ్గర మా డిఫాల్ట్ దారి 'పై అధికారికి పంపడం', అది అరుదుగా జరిగేది. అందుకని బాణానికే 'ముఖ్య దారి' అని ఒక టిక్ బాక్స్ కలిపాం, 38 ప్రాసెస్‌ల్లోనూ కూర్చుని పెట్టాం.

ఇప్పుడు అసలు భయపెట్టిన సంగతి. కొత్త టెంప్లేట్‌తో మొదటి పది ప్రాసెస్‌ల రిపోర్టులు తీసి చదువుతుంటే ఒకదాంట్లో 'ఎక్కువ మొత్తం క్లెయిమ్ ఆమోదం' అన్న అడుగు దగ్గర 'ఎవరు: రిజిస్ట్రేషన్ డెస్క్' అని ఉంది. దరఖాస్తు నమోదు చేసేవాళ్ళే దాన్ని ఆమోదిస్తున్నారని ఆడిటర్ చేతికి కాగితం వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. డయాగ్రామ్ తెరిచి చూస్తే ఆ టాస్క్ సరిగ్గా మేనేజర్ లేన్‌లోనే ఉంది. టెంప్లేట్ తప్పేమో అని ఒక రోజంతా వెతికాం. టెంప్లేట్ తప్పు కాదు. బీపీఎమ్‌ఎన్ ఫైల్‌లో రెండు వేరు వేరు విషయాలుంటాయి. ప్రతి లేన్ కిందా ఏయే అడుగులు దానికి చెందుతాయో ఒక జాబితా ఉంటుంది, అది అర్థానికి సంబంధించింది. ఇంకో భాగంలో ఏ ఆకారం ఏ చోట ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అన్న కొలతలు ఉంటాయి, అది బొమ్మకు సంబంధించింది. మాలో ఎవరో లేన్‌ల ఎత్తు సర్దినప్పుడు ఆకారం కంటికి పక్క లేన్‌లోకి వెళ్ళింది, జాబితాలో మాత్రం పాత లేన్ కిందే ఉండిపోయింది. కన్ను బొమ్మను చదువుతుంది, రిపోర్ట్ జాబితాను చదువుతుంది. డయాగ్రామ్‌ని ఎన్నిసార్లు సమీక్షించినా ఈ తప్పు దొరకదు, ఎందుకంటే డయాగ్రామ్‌లో అది తప్పుగా కనిపించదు.

దీనికోసం ఒక చిన్న తనిఖీ స్క్రిప్ట్ రాశాం. ప్రతి అడుగు ఆకారం మధ్య బిందువు ఏ లేన్ కొలతల లోపల పడుతుందో లెక్కవేసి, జాబితాలో ఉన్న లేన్‌తో పోల్చి, తేడా ఉన్నవాటిని చూపిస్తుంది. మొత్తం మీద 23 చోట్ల తేడా వచ్చింది. ఎవరు ఏం చేస్తారో చెప్పే పట్టికలేవైనా మోడల్ నుంచి తీస్తున్నవాళ్ళకు నా మాట ఒక్కటే, ఈ తనిఖీ చేయకుండా ఆ పట్టికను ఎవరికీ ఇవ్వకండి.

అక్కడినుంచి తనిఖీలు పెరిగాయి. పేరు లేని గేట్‌వే బాణాలు, 'టాస్క్ 1' అని అలాగే వదిలేసిన పేర్లు, వివరణ లేని అడుగులు, అన్నీ కలిపి అనలిస్టుల కోసం ఒక లోపాల రిపోర్ట్ చేశాం. ఖాళీ లక్షణాల సంగతి ఇక్కడే తేలింది. పనిచేసేవాళ్ళ డాక్యుమెంట్‌లో విలువ ఉంటేనే ఆ వరస అచ్చయ్యేలా టెంప్లేట్‌లో షరతు పెట్టాం. అదే ఖాళీ లోపాల రిపోర్టులో మాత్రం పైన కనబడుతుంది, ఎందుకంటే అనలిస్టుకు అది చేయాల్సిన పని.

అప్లికేషన్ల పట్టిక దగ్గర వేరే చిక్కు. ఏ సిస్టమ్ వాడతారో మేం ఖాళీ పెట్టెలో టైప్ చేస్తూ పోయాం. ఒకరు 'పాలసీ సిస్టమ్' అని, ఇంకొకరు 'పాలసీ అప్లికేషన్' అని, మరొకరు 'పాలసీ అడ్మిన్' అని రాశారు, ఐటీ వాళ్ళకు వెళ్ళిన ఎక్సెల్‌లో ఒకే సిస్టమ్ మూడుగా కనిపించింది. టైప్ చేయడం ఆపి, ముందే తయారుచేసిన జాబితా నుంచి ఎంచుకునేలా మార్చాం. పాత్రల పేర్లకూ, ఫారాలకూ కూడా ఇదే చేశాం. రిపోర్టులో లెక్కపెట్టాల్సింది, వడపోయాల్సింది ఏదైనా సరే మోడల్‌లో మాటగా కాకుండా ఎంపికగా ఉండాలి.

డయాగ్రామ్ బొమ్మలు మాకు ఇంకో తలనొప్పి. 'పేజీలో సరిపోయేలా' అన్న ఆప్షన్ పెడితే అక్షరాలు చీమల బారులా కనిపించాయి. ఒకసారి లెక్క వేసి చూడండి. డయాగ్రామ్ వెడల్పు 3200 పిక్సెళ్ళు, అంగుళానికి 96 పిక్సెళ్ళ లెక్కన అది 33 అంగుళాల పైనే, దాదాపు 847 మిల్లీమీటర్లు. అడ్డంగా తిప్పిన ఏ4 కాగితంలో అంచులకు చెరో 20 మిల్లీమీటర్లు పోగా మిగిలేది 257. అంటే బొమ్మ 30 శాతానికి కుంచించుకుపోతుంది, 9 పాయింట్ల అక్షరం 3 పాయింట్ల కన్నా చిన్నదవుతుంది. ఏ3 కి మారినా 4 పాయింట్లే. అప్పుడిక రిజల్యూషన్ పెంచినా, ఫార్మాట్ మార్చినా చదవడానికి రాదు. ఆ డయాగ్రామ్‌ని సబ్‌ప్రాసెస్‌లుగా (లోపలి చిన్న ప్రాసెస్‌లుగా) విడగొట్టి, ఒక్కో బొమ్మ వెడల్పు 1000 పిక్సెళ్ళు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. ఆ కొలతకు అడ్డం ఏ4 లో అక్షరాలు దాదాపు అసలు సైజులోనే వస్తాయి. అప్పటికే ఆమోదం పొందిన మోడళ్ళను విడగొట్టడానికి చాలామందికి మనసొప్పలేదు, కానీ విడగొట్టాక డయాగ్రామ్‌లు స్క్రీన్ మీద చదవడానికి కూడా తేలికయ్యాయి. బొమ్మలు పీఎన్‌జీ బదులు వెక్టర్ రూపంలో (ఎంత పెద్దది చేసినా మసకబారనిది) పెట్టడం వల్ల ప్రింట్ కూడా స్పష్టంగా వచ్చింది.

విడగొట్టాక ఇంకో ప్రశ్న వచ్చింది, లోపలి సబ్‌ప్రాసెస్ వివరాలు ఇదే డాక్యుమెంట్‌లో రావాలా వద్దా అని. ఆ ప్రాసెస్‌కే సొంతమైన సబ్‌ప్రాసెస్ అయితే అక్కడే రాయాలి. కాల్ యాక్టివిటీ అయితే, అంటే 'కస్టమర్ గుర్తింపు తనిఖీ' లాగా చాలా ప్రాసెస్‌లు వాడుకునేదైతే, పేరు, డాక్యుమెంట్ నంబరు మాత్రమే ఇచ్చి వదిలేయాలి. పాత రిపోర్టుల్లో అదే పాఠం 11 డాక్యుమెంట్లలో 11 సార్లు అచ్చయింది. అందులో ఒక్క అడుగు మారితే ఆ 11 డాక్యుమెంట్లూ పాతబడినట్టే.

ఆడిటర్ వైపు పని మేం అనుకున్నంత బరువుగా లేదు. నాణ్యత నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001 లో 2008 కూర్పు ఆరు రాతపూర్వక విధానాలు తప్పనిసరిగా ఉండాలనేది, 2015 కూర్పు ఆ పట్టుదల వదిలేసింది, డాక్యుమెంట్ చేసిన సమాచారం ఏ రూపంలో ఉండాలన్నది సంస్థకే వదిలింది. కానీ 7.5 క్లాజు గుర్తింపు, సమీక్ష, ఆమోదం, మార్పుల నియంత్రణ అడుగుతుంది. కాబట్టి మొదటి పేజీలో డాక్యుమెంట్ నంబరు, వెర్షన్, యజమాని, ఆమోదించినవారు, తేదీ ఉండాలి, ఇవన్నీ మోడల్ లక్షణాల నుంచే రావాలి.

ఆ తేదీ దగ్గర ఒక చిన్న తప్పు జరిగింది. టెంప్లేట్ చేసినవాళ్ళు హెడర్‌లో వర్డ్ తేదీ ఫీల్డ్ పెట్టారు. ఆ ఫీల్డ్ ఫైల్ తెరిచినప్పుడల్లా ఆ రోజు తేదీకి మారిపోతుంది, అంటే ఆమోదించిన డాక్యుమెంట్ ఎప్పుడు చూసినా ఈరోజే ఆమోదించినట్టు కనిపిస్తుంది. ఆడిట్‌కి రెండు రోజుల ముందు చూసుకున్నాం. దాన్ని తీసేసి మోడల్‌లోని ఆమోదం తేదీని మామూలు అక్షరాలుగా రాయించాం. మీ టెంప్లేట్లో ఇలాంటి ఫీల్డ్ ఉందేమో ఒక్కసారి చూసుకోండి.

పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ మధ్య ఏం మారిందో చెప్పే పట్టిక కూడా అడిగారు. ప్రతి అడుగుకూ ఫైల్‌లో ఒక ఐడీ ఉంటుంది, దాన్ని పట్టుకుని పోల్చాం. పేరు మారినా ఐడీ అదే ఉంటుంది కాబట్టి పని చేస్తుంది, అయితే గీసేవాళ్ళు పాత టాస్క్‌ని తీసేసి అదే పేరుతో కొత్తది గీస్తే పట్టికలో ఒకటి తొలగించినట్టూ ఒకటి చేర్చినట్టూ వస్తుంది. దీనికి సాంకేతికంగా మంచి పరిష్కారం మాకు దొరకలేదు, తీసేసి గీయొద్దు, ఉన్నదాన్నే మార్చండి అని అనలిస్టులకు చెప్పాం, చాలావరకు పాటిస్తున్నారు.

స్క్రిప్టులకూ టెంప్లేట్లకూ కలిపి రెండు వారాలు పట్టింది. మోడళ్ళను శుభ్రం చేయడానికి, అంటే లేన్ జాబితాలు సరిచేయడం, పేర్లు పెట్టడం, ముఖ్య దారులు గుర్తించడం, విడగొట్టడం, వీటికి ఐదు వారాలు పట్టింది. రిపోర్ట్ పనికి సమయం అంచనా వేసేవాళ్ళు ఈ రెండో భాగాన్ని మర్చిపోతారు, మేమూ మర్చిపోయాం, అందుకే గడువు దాటింది. క్లెయిమ్ రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ ఇప్పుడు బొమ్మతో కలిపి నాలుగు పేజీలు. డెస్క్‌లో ఉన్న ఆవిడ దాంట్లో తన అడుగులు మాత్రమే విడిగా కావాలన్నారు, లేన్‌ని బట్టి వడపోసే ఒక చిన్న వెర్షన్ కూడా ఇచ్చాం, ఒకటిన్నర పేజీ వస్తుంది.

ఒక సమస్య ఇంకా అలాగే ఉంది, బౌండరీ ఈవెంట్లు. టాస్క్ అంచుకు అతికించిన టైమర్, అంటే 'ఏడు రోజుల్లో జవాబు రాకపోతే' లాంటిది, గేట్‌వే దారి కాదు, ఆ అడుగు జరుగుతుండగా ఎప్పుడైనా రావచ్చు. దాన్ని ఆ అడుగు కిందే రాస్తే ముఖ్య దారి తెగిపోతోంది, చివర్లో మినహాయింపులన్నీ ఒకచోట పెడితే ఆ టాస్క్ చేసేవాళ్ళు అక్కడిదాకా చూడడం లేదు. ప్రస్తుతానికి అడుగు కింద ఒక్క వాక్యం, పూర్తి వివరం చివర్లో, మధ్యలో నంబరుతో లింకు అని పెట్టి, రెండు ప్రాసెస్‌ల మీద వాడి చూస్తున్నాం.